కళ్లం దాటి ఎక్కిన విమానం

నేను విమానం నడపడం నేర్చుకున్నది వట్టి కాళ్లతో. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత పాపం ఎంత లేమిలో పెరిగాడో అని జాలిపడతారు. లేమీ లేదు, పాడూ లేదు. ఇంట్లో చెప్పులు శుభ్రంగా ఉండేవి. మా అవ్వ వేసుకోనిచ్చేది కాదు, అంతే.

మా ఊరు కోవూరికి తూర్పున, సముద్రానికి దగ్గర. ఊరికీ సరుగుడు తోపులకీ నడుమ, పెద్ద యుద్ధం నాడు తెల్లవాళ్లు వేసి వదిలేసి పోయిన విమానాల మైదానం ఒకటుండేది. ఊరి వైపు పొడుగ్గా సిమెంటు బాట, దాన్ని ఆనుకుని అంతే పొడుగున గడ్డి నేల, గడ్డి దాటితే ముళ్లకంప. యుద్ధం అయిపోయాక అక్కడ ఒక్క విమానమూ దిగిన పాపాన పోలేదు. అంత సిమెంటు ఊరికే పడుంటే మా ఊరి రైతులు చూస్తూ ఊరుకుంటారా? ఏటా కోతలు కాగానే మొలగొలుకుల వడ్లన్నీ అక్కడికే చేరేవి. మట్టి కళ్లమైతే అలకాలి, నెర్రెలు పూడ్చాలి, ఎంత చేసినా గింజల్లో మట్టిబెడ్డలు తప్పవు. ఇక్కడ ఆ బాధ లేదు. ఇట్లాంటి కళ్లం జిల్లాలో ఇంకెవరికీ లేదని మా వాళ్లు గొప్పలు పోయేవాళ్లు. తెల్లవాళ్లు ఈ దేశంలో చేసిన ఒకే ఒక్క మంచిపని అదేనని మా అవ్వ అభిప్రాయం.

చైనా యుద్ధం జరిగిన మరుసటేడు, సరిగ్గా కోతల కాలంలో, ఆ మైదానంలోకి నిజంగానే విమానం వచ్చింది. మద్రాసులో విమానాలు నేర్పే క్లబ్బు ఒకటి, పల్లెటూరి కుర్రాళ్లకూ నేర్పుదామనే ఉత్సాహంతో ఒక విమానాన్నీ ఒక మాస్టారినీ మా వైపు పంపింది. విమానమంటే ఏదో ఊహించుకునేరు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు, ముందొక సీటు, వెనకొక సీటు, పైకప్పు లేదు. నేర్పేవాడు ముందు కూర్చోవాలి, నేర్చుకునేవాడు వెనక. ఒకరి మాట ఒకరికి వినపడటానికి మధ్యలో రబ్బరు గొట్టం. నేను అప్పటికి నెల్లూరులో కాలేజీ చదువు ముగించి, అటు పొలానికీ పోక, ఇటు ఉద్యోగానికీ పోక, మూడు పూటలా తింటూ ఇంట్లోవాళ్ల కంటికి అడ్డంగా తిరుగుతున్నాను. వెళ్లి పేరిచ్చాను. నాయన కాదనలేదు, అవుననలేదు. "మీ అవ్వనడుగు" అన్నాడు. మా ఇంట్లో ఏ మాటైనా అక్కడికే చేరేది.

మాస్టారు పటాలంలో విమానాలు నడిపి వచ్చిన మనిషి. నిటారుగా నడిచేవాడు. ఆయన బూట్లలో మొహం చూసుకోవచ్చు. విమానం దించడానికి ఆయన సిమెంటు బాట వద్దన్నాడు. ఆ విమానానికి తోక కింద చక్రం ఉండదు, ఇనప ముక్క ఉంటుంది. సిమెంటు మీద అది అరిగిపోతుందట, దానికి గడ్డే మేలట. అంటే వడ్లకూ విమానానికీ పేచీ లేదు. విమానాల కోసం పోసిన సిమెంటు మీద వడ్లు, పక్కన పశువుల గడ్డి మీద విమానం. అంతా సవ్యంగానే ఉంది గానీ, గడ్డి మీదికి పోవాలంటే సిమెంటు దాటాలి. అక్కడ అవ్వ చేటతో నిలబడి ఉంది.

"ఏంది సారూ, కళ్లంలోకి బూట్లతో వస్తుండావు?" అంది.

"ఇది రన్‌వే పెద్దమ్మా. మిలిటరీ వాళ్లు వేసింది" అన్నాడాయన.

"వడ్లు పడినాక కళ్లమే. ఇప్పు."

కళ్లంలోకి చెప్పులతో అడుగు పెట్టకూడదు. మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. లక్ష్మి ఉండే చోటు, తొక్కితే పోతుంది. మాస్టారికి అది ఎవరూ చెప్పలేదు. ఆయనకు రోషం వచ్చింది. బూట్లు విప్పకుండా వెనక్కి తిరిగి, సిమెంటు బాట చివరిదాకా నడిచి, అక్కడ కంపల్లోంచి చుట్టు తిరిగి విమానం దగ్గరికి వచ్చాడు. మర్నాడూ అంతే. రోషం ఉన్నన్నాళ్లు నడిచాడు. తర్వాత ఎండ ముదిరింది. ఒకరోజు కళ్లం గట్టున కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా లేసులు విప్పుకుని, బూట్లు అక్కడే వదిలి, వడ్ల రాశుల మధ్యనుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు అవ్వ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఆ పూటతో వాళ్లిద్దరికీ రాజీ కుదిరింది.

బూట్లు అటు గట్టున ఉండిపోతాయి కాబట్టి నేర్పేవాడూ వట్టి కాళ్లే, నేర్చుకునేవాడూ వట్టి కాళ్లే. విమానంలో కాళ్లకు పెద్ద పని ఉంటుంది. కింద రెండు పెడల్స్ ఉంటాయి. కుడిది నొక్కితే ముక్కు కుడికి, ఎడమది నొక్కితే ఎడమకి. నేల మీద పరుగెత్తేటప్పుడు వాటితోనే దారి తప్పకుండా నిలపాలి. నాకు చేతుల పని రావడానికి చాలా రోజులు పట్టింది గానీ, కాళ్ల పని మొదటి రోజే పట్టుబడింది. ఇంజను వణుకు, నేల గరుకు, రెక్క కిందికి గాలి జొరబడటం అన్నీ అరికాళ్లకు తెలిసిపోయేవి. "నీ బుర్ర కంటే నీ కాళ్లు నయంరా అబ్బాయ్" అని గొట్టంలోంచి మాస్టారు అరిచేవాడు. ఆయన మెచ్చుకోవడం ఇట్లానే ఉండేది.

నాకు రానిదల్లా దించడం. చక్రాలూ తోకా ఒక్కసారే నేలను తాకాలి. నేను చక్రాలను ముందు తాకించేవాణ్ణి. విమానం ఎగిరి పడేది, మళ్లీ ఎగిరి మళ్లీ పడేది. ముందు సీట్లో మాస్టారి తల పైకీ కిందికీ ఊగుతుంటే నాకు ఒకపక్క భయం, ఒకపక్క నవ్వు. సాయంత్రం ఇంటికి రాగానే అవ్వ లెక్క చెప్పేది. కళ్లంలో చేట ఆపి మరీ చూసేది కాబట్టి ఆమెను మోసం చెయ్యడానికి లేదు.

"పొద్దున రెండుసార్లు దూకింది. ఎండెక్కినాక నాలుగుసార్లు. నువ్వు నేర్చుకుంటుండావా, మరిచిపోతుండావా?"

నవ్వులాటలా కనపడినా అందులో నా బతుకు ఇరుక్కుని ఉంది. విమానం మద్రాసుకు తిరిగి వెళ్లే లోపల ఒంటరిగా ఒక్క చుట్టు తిరిగి దిగినవాళ్లను క్లబ్బు తనతో తీసుకుపోయి పూర్తిగా నేర్పిస్తుంది. దిగలేనివాళ్ల కథ అంతటితో సరి. నాతో పాటు చేరిన కుర్రాళ్లు కడుపులో తిప్పుతోందని ఒక్కొక్కరే మానుకున్నారు. మిగిలింది నేనే. నాకు ఇంకేదీ అంతగా కావాలనిపించలేదు, ఆ ముందూ తర్వాతా కూడా. అన్నం తింటున్నా ఎడమ చెయ్యి ఇంజను పిడి మీద ఉన్నట్టే ఉండేది. మద్రాసు సంగతి అవ్వతో కదిపితే ఆమె తన షరతు పెట్టింది.

"ఎగిరేదానికేముంది, కాకి గూడా ఎగరతాది. దించేదే చూస్తా నేను. ఒంటిగా పోయి, నెత్తి మీది నిండు కుండ దించినట్టు దించు. ఒక్కసారి గూడా దూకగూడదు. అప్పుడు పో మద్రాసుకి."

విమానం దూకినా క్లబ్బు ఒప్పుకునేదే. అవ్వ ఒప్పుకోదు.

విమానం మర్నాడు వెళ్లిపోతుందనగా, ఆ రోజు పొద్దున మాస్టారు నన్ను రెండుసార్లు తిప్పాడు. ఏ గ్రహం బాగుందో, రెండుసార్లూ చక్కగా దించాను. ఆయన ఇంజను ఆపించి దిగాడు. తన సీటు బెల్టులు ఒకదానికొకటి బిగించి కట్టాడు. ముందు సీటు బెల్టులు అట్లా ఎందుకు కడతారో నాకు తెలుసు.

"పోయి మంచినీళ్లు తాగి రా. ఈసారి నువ్వొక్కడివే" అన్నాడు.

కళ్లం దాటి వెళ్లేసరికి అక్కడ మా మేనమామ ప్రత్యక్షమయ్యాడు. వెంట నెల్లూరు నుంచి ఫోటోలు తీసే ఆయన, చంకలో అట్టపెట్టె. పెట్టెలో నల్ల షూస్. మా మామకు ఆడంబరం ఎక్కువ. మేనల్లుడు విమానం ముందు నిలబడి ఉన్న ఫోటో తన ఇంటి వసారాలో పెట్టుకోవాలని ఆయన కోరిక.

"విమానం నడిపేవాడు కూలోడి మాదిరి వట్టి కాళ్లతో నిలబడితే ఏం బాగుంటదిరా? తొడుక్కో."

షూస్ చేత్తో పట్టుకుని కళ్లం దాటాను. అవ్వ కళ్లు నా పాదాల మీదే ఉన్నాయి. గడ్డి మీదికి వచ్చాక తొడుక్కుంటే రెండూ వదులు. మామ కొలత తెలియక పెద్దవి తెచ్చాడు. "ఏం కాదు, కాలు పెరగదా" అన్నాడు. నాకు అప్పటికి ఇరవై దాటాయి. ముందు భాగంలో కాగితం కుక్కి లేసులు బిగించి కట్టాడు. ఫోటో తీశారు. ఆ ఫోటో ఇంకా నా దగ్గరుంది. అందులో నేను దొరలా ఉన్నాను. దాన్ని చూసినవాళ్లెవరూ ఈ వట్టికాళ్ల కథ నమ్మరు.

విప్పుదామనే అనుకున్నాను. ఇంతలో మాస్టారు ముందుకొచ్చి విమానం ముక్కుకున్న పంకా పట్టుకుని తిప్పాడు, ఇంజను అందుకుంది. ఫోటో ఆయన చూస్తున్నాడు, మామ చెయ్యి ఊపుతున్నాడు, సగం ఊరు కళ్లం మీద చేరింది. అంతమంది ముందు కూర్చుని షూస్ విప్పడానికి సిగ్గేసింది. మాస్టారు పక్కకు తప్పుకుని పొమ్మని సైగ చేశాడు. పోయాను.

పరుగు మొదలవగానే తెలిసింది, నాకు కాళ్లు లేవని. పెడల్ ఎక్కడుందో, ఎంత నొక్కానో ఏమీ అందడం లేదు. ఎడమది కాస్త నొక్కాననుకుంటే విమానం తిన్నగా కళ్లం వైపు తిరిగింది. ఆడవాళ్లు చేటలు వదిలేసి పరుగో పరుగు. కుడిది గట్టిగా తన్ని ఎట్లాగో మళ్లించాను. అప్పటికే చక్రాలు నేలను వదిలేశాయి.

ముందు సీట్లో ఆయన బరువు లేదు కదా, విమానం గాలిపటంలా లేచింది. ఎప్పుడూ ఆయన తలకాయ అడ్డం ఉండే చోట ఇప్పుడు ఆకాశం ఉంది. సరుగుడు తోపులు కిందికి జారాయి, వాటి వెనక ఉప్పు కాలువ, అందులో తెరచాప పడవ, దాని వెనక సముద్రం. అంత సముద్రం నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి తిరిగితే కోసిన పొలాలూ వాములూ, దూరంగా ఇసుకలో పెన్న. "చూశారా సార్" అని గొట్టంలో అరిచాను. అవతల ఎవరూ లేరని గుర్తొచ్చి గట్టిగా నవ్వాను. ఒక్కణ్ణే పాట కూడా పాడాను. నాకు పాట రాదు. వినేవాళ్లు లేకపోవడం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

మలుపు తిరగబోయేసరికి మళ్లీ కాళ్లు గుర్తొచ్చాయి. వీటితో దించితే దూకడం కాదు, దొర్లడమే. విప్పెయ్యాలనుకున్నాను. వదులుగా ఉన్నాయి కాబట్టి మడమతో మడమ తోస్తే ఎడమది ఊడి వచ్చింది. వంగి అందుకుని చొక్కాలోకి దోపుకున్నాను. కుడిది ఊడింది గానీ చేతికి అందలేదు. పోనీలే, అది అక్కడే పడుంటుందనుకుని దిగడం మొదలుపెట్టాను. విమానం ముక్కు వంచగానే షూ ముందుకు జారిపోయింది. కాసేపటికి కుడి పెడల్ నొక్కితే సగానికే ఆగింది. ఇంకొంచెం నొక్కాను. కింద మెత్తగా ఏదో అడ్డం. విమానంలో పెన్సిలు ముక్క కూడా వదులుగా ఉండకూడదని మాస్టారు మొదటి రోజే చెప్పాడు. పెన్సిలు సంగతి గుర్తుంది, షూ సంగతి తట్టలేదు.

సముద్రపు గాలి పక్కనుంచి తోస్తోంది. కుడి పెడల్ పని చెయ్యకుండా దిగితే ఈసారి తిరిగేది కళ్లంలోకే. కింద చేటలూ మనుషులూ పెద్దగా కనపడుతున్నారు. ఇంజను పిడి పూర్తిగా ముందుకు తోసి, అందరి నెత్తి మీదుగా మళ్లీ పైకి పోయాను.

పైకి పోతుంటే ముక్కు లేచింది. ముక్కు లేస్తే జారిన షూ వెనక్కి రావాలి గదా అని అప్పుడు బుర్రకెక్కింది. కుడికాలు కింద పెట్టి వెతికాను. చిన్నప్పుడు కాలవ ఎండగట్టినప్పుడు బురదలో చేపను కాలితో తడిమి పట్టేవాళ్లం. అదే పని. వేళ్లకు లేసు తగిలింది. బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఇరికించి పైకి లాగాను. జారిపోయింది. మళ్లీ దొరికింది. మోకాలి దాకా తెచ్చి ఎడమ చేత్తో అందుకున్నాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అదీ చొక్కాలోకి తోసి, రెండు అరికాళ్లూ పెడల్స్ మీద ఆనించాను. చల్లటి ఇనుము తగలగానే విమానం మళ్లీ నాది అయింది.

ఈసారి తొందరపడలేదు. తూర్పార పట్టిన కుప్పల మీంచి పొట్టు ఎగిరిపోయే దిక్కు చూసి గాలి సరిచూసుకున్నాను. గడ్డి దగ్గరికి వచ్చేకొద్దీ, ముక్కును ఎత్తడానికీ దించడానికీ ఉండే కర్రను కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కుంటూ పోయాను. నేల ఎప్పుడు తగిలిందో కళ్లకు తెలియలేదు. అరికాళ్లకు గరగర వినిపించింది. చక్రాలూ తోకా ఒక్కసారే. దూకలేదు. ఒక్కసారి కూడా దూకలేదు.

ఇంజను ఆపి, చొక్కాలో షూస్‌తో కడుపుబ్బినవాడిలా దిగి కళ్లం వైపు చూస్తే, మాస్టారు వడ్ల నడిమధ్యన నిలబడి ఉన్నాడు. కాళ్లకు బూట్లున్నాయి. లేసులు కట్టుకోలేదు. ఆయన అడుగులు ఆరబోసిన వడ్లలో గుంటలుగా పడి ఉన్నాయి. ఆయన పక్కనే అవ్వ. నేను ముందు అవ్వ మొహం కేసి చూశాను, ఆయన్ని ఎంత మాట అనబోతోందోనని.

మామ ఎదురొచ్చాడు.

"నువ్వు దిగబోయి మళ్లీ పైకి పోయినావే, సారుకి అనుమానం తగిలింది. కంపల్లో పడతాడేమో, పరిగెత్తాల నేను, బూట్లు బూట్లు అని అరిచినాడు. మేమంతా నోర్లు తెరుచుకోని నిలబడినాం. మీ అవ్వే పోయింది. గట్టు మీదుండే బూట్లు చేత్తో పట్టుకోని వడ్లల్లో పడి ఉరికి వచ్చింది. సారు ఎదురొచ్చి ఆడనే తొడుక్కున్నాడు."

నేను గడ్డి అంచునే నిలబడిపోయాను. చొక్కాలో షూస్ ఉన్నాయి, కళ్లంలోకి తేవచ్చో లేదో తెలియలేదు.

"ఏందిరా ఆడ నిలబడినావు?" అంది అవ్వ.

"చొక్కాలో చెప్పులుండాయి అవ్వా."

"ఉంటే ఉండినాయిలే. ఇట్టా రా."

వెళ్లాను. ఆమె నా భుజాలూ చేతులూ తడిమి చూసింది, చివరికి వంగి పాదాలు కూడా. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. నేను ఆగలేకపోయాను.

"అవ్వా, ఒక్కసారి గూడా దూకలేదు. చూసినావు గదా?"

"లేదురా" అంది. "కండ్లు మూసుకోనుండా."

ఇన్నాళ్లు ఒక్క దూకుడు కూడా లెక్క తప్పని మనిషి. మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మరి మద్రాసు?" అన్నాను.

"పో" అంది. తర్వాత వడ్లలో పడిన బూటు గుంటల్ని తన కాళ్లతో మెల్లగా చదును చేసుకుంటూ కళ్లం అంచు దాకా పోయి, నాకు మజ్జిగ చెంబు తెచ్చి ఇచ్చింది.